హవాసు సరస్సు, బిల్ విలియమ్స్ నది: ఎడారిలో పక్షుల్ని ఎలా చూడాలి

అరిజోనాలో ఉండే మనవాళ్ళలో లేక్ హవాసు పేరు వినని వాళ్ళు తక్కువ. ఎక్కువమంది లండన్ నుంచి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టిన లండన్ బ్రిడ్జి దగ్గర ఫొటోలు దిగి, జెట్ స్కీ ఎక్కి, సాయంత్రానికి ఫీనిక్స్ తిరుగు దారి పడతారు. అదే సరస్సుకు దక్షిణపు కొసన బిల్ విలియమ్స్ అనే చిన్న నది ఎడారి కొండల మధ్య నుంచి వచ్చి కలుస్తుంది. ఆ నది కలిసే చోటు, దాని వెనకున్న చెట్ల అడవి, ఎదురుగా విశాలంగా పరుచుకున్న నీళ్ళు, కొంచెం దిగువన పార్కర్ డ్యామ్ అన్నీ కొన్ని మైళ్ళ లోపలే ఉన్నాయి. చలికాలంలో ఒక్క రోజు ఓపిగ్గా తిరిగితే ఎడారి పిట్టల్నీ, అడవి పిట్టల్నీ, నీటి పక్షుల్నీ కలిపి చూడవచ్చు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళాలా అని ఆలోచించేవాళ్ళకీ, కొత్తగా బైనాక్యులర్ కొనుక్కున్నవాళ్ళకీ పనికొచ్చేలా ఈ పద్ధతి రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. సరస్సు పెద్దది కదా అని రోజంతా సరస్సు ఒడ్డునే గడపకండి. రోజులో మంచి గంటలు నదికి ఇవ్వండి.

ముందు నీళ్ళ సంగతి తెలుసుకోండి

ఇది సహజమైన సరస్సు కాదు. కొలరాడో నదికి అడ్డంగా 1938లో పార్కర్ డ్యామ్ పూర్తయ్యాక వెనక నిలిచిన నీళ్ళే లేక్ హవాసు. డ్యామ్ ఎత్తు 320 అడుగులు. అందులో 235 అడుగులు నది అడుగుమట్టానికి కిందే ఉన్నాయి కాబట్టి పైకి చూస్తే అంత పెద్దదిగా అనిపించదు. సరస్సుకు పడమటి ఒడ్డు కాలిఫోర్నియా, తూర్పు ఒడ్డు అరిజోనా. కాలిఫోర్నియా వైపు నుంచి ఒక కాలువ 242 మైళ్ళు ప్రయాణించి లాస్ ఏంజెలిస్ ప్రాంతానికి నీళ్ళు తీసుకెళ్తుంది. అరిజోనా వైపు, సరిగ్గా బిల్ విలియమ్స్ కలిసే పాయ దగ్గర, సెంట్రల్ అరిజోనా ప్రాజెక్ట్ పంపులు నీటిని కొండ మీదకి తోడి ఫీనిక్స్, టూసాన్‌ల వైపు 336 మైళ్ళ కాలువలో వదులుతాయి. ఛాండ్లర్‌లోనో స్కాట్స్‌డేల్‌లోనో మీ ఇంటి కుళాయిలో వచ్చే నీళ్ళలో కొంత ఇక్కడిదే.

పక్షులకీ దీనికీ ఏం సంబంధం అంటారా? పంపులు ఆగకుండా నడవాలంటే సరస్సు మట్టం పెద్దగా పెరగకూడదు, తగ్గకూడదు. ఏడాది పొడుగునా కొద్ది అడుగుల తేడాలోనే ఉంచుతారు. మట్టం అలా నిలకడగా ఉండబట్టి లోతు తక్కువున్న మూలల్లో జమ్ము దట్టంగా పెరిగింది. ఆ జమ్ములోనే చాలా అరుదైన ఒక నీటికోడి బతుకుతోంది, మన బుడుబుంగ కుటుంబానికే చెందిన గ్రీబ్‌లు తేలే గూళ్ళు కట్టుకుంటున్నాయి.

నదిది ఇంకో కథ. ఒకప్పుడు కింది కొలరాడో ఒడ్డంతా కాటన్‌వుడ్, విల్లో చెట్ల అడవి ఉండేది. కాటన్‌వుడ్ గింజ మొలవాలంటే వసంతంలో వరద రావాలి, తడి ఒండ్రు మిగలాలి, ఆ తర్వాత నీళ్ళు మెల్లగా దిగాలి. డ్యాములు వచ్చి వరదలు ఆగాయి. ఒడ్డు పొలాలయింది. మిగిలిన చోట టామరిస్క్ అనే బయటి దేశాల పొద కమ్మేసింది. ఇప్పుడు ఆ పాత అడవి పెద్ద ఎత్తున మిగిలిన చోటు ఈ బిల్ విలియమ్స్ ఒడ్డే. దీనికి ఎగువన కూడా 1968లో కట్టిన ఆలమో డ్యామ్ ఉంది, కానీ చెట్లకు పనికొచ్చేలా అక్కడి నుంచి నీళ్ళు వదిలే ప్రయత్నాలు జరిగాయి. ఇప్పుడు ఈ ప్రాంతం బిల్ విలియమ్స్ రివర్ జాతీయ వన్యప్రాణి శరణాలయం.

ఎప్పుడు వెళ్ళాలి

మొదటిసారి వెళ్ళేవాళ్ళు నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి లోపు వెళ్ళండి. ఉత్తరాది నుంచి వచ్చిన బాతులు, మునిగి చేపలు పట్టే లూన్ అనే పెద్ద నీటి పక్షులు నీళ్ళ మీద ఉంటాయి. ఎండ హాయిగా ఉంటుంది, పాములు చాలావరకు బయటికి రావు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పాటలు వినిపిస్తాయి, వలస పిట్టలు దిగుతాయి. కానీ మార్చిలో కాలేజీ సెలవులు మొదలయ్యాక సరస్సు మీద పడవల మోత భరించలేం. వారం మధ్యలో వెళ్ళగలిగితే వెళ్ళండి. శని, ఆదివారాలు తప్పకపోతే పడవలు దిగకముందే నీళ్ళ పని ముగించుకోవాలి.

వేసవిలో రావడానికి ఒకే ఒక్క గట్టి కారణం ఉంది. పసుపు ముక్కు కుకూ అనే కోకిల జాతి పిట్ట జూన్ మధ్యలో కాటన్‌వుడ్ అడవికి వచ్చి, జూలై, ఆగస్టుల్లో పిల్లల్ని పెంచుతుంది. పడమటి రాష్ట్రాల్లో ఇది బాగా తగ్గిపోయింది. 2014లో ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో చేర్చారు. దాని కోసం వస్తే తెల్లవారుజామున వచ్చి ఎనిమిదింటికల్లా వెనక్కి వెళ్ళిపోండి. అరిజోనా రాష్ట్రం మొత్తంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత ఈ లేక్ హవాసు సిటీలోనే, 1994 జూన్ 29న. 128 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 53 సెల్సియస్. మన రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్ళం కదా అని ధీమాగా రాకండి, ఇక్కడ చెట్లు దాటితే నీడ దొరకదు.

గడియారం విషయంలో ఒక జాగ్రత్త. అరిజోనాలో వేసవికి గంట మార్చరు, కాలిఫోర్నియాలో మారుస్తారు. అందుకని చలికాలంలో ఎదుటి ఒడ్డు ఒక గంట వెనక ఉంటుంది, వేసవిలో రెండు ఒడ్లదీ ఒకే టైం. ఒడ్డున నిలబడితే ఫోను అవతలి టవర్ పట్టుకుని టైం తనంతట తాను మార్చేసుకుంటుంది, అలారం గంట ఆలస్యంగా మోగుతుంది. ఫోనులో టైం జోన్‌ను ఫీనిక్స్‌కు కట్టేసి పెట్టుకోండి. జనవరి మొదట్లో అరిజోనా టైం ప్రకారం ఏడున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది కాబట్టి మరీ అర్ధరాత్రి లేవక్కర్లేదు.

దారి, సామాను

ఫీనిక్స్ నుంచి ఐ-10 మీద పడమరగా క్వార్ట్‌సైట్ దాకా వెళ్ళి, హైవే 95 మీద ఉత్తరానికి తిరిగితే పార్కర్ ఊరు, ఆ పైన బిల్ విలియమ్స్, చివరికి లేక్ హవాసు సిటీ వస్తాయి. మొత్తం మూడు గంటల పైమాటే. లాస్ వేగస్ నుంచి రెండున్నర గంటలు పడుతుంది. ముందురోజు రాత్రే పార్కర్‌లో గానీ లేక్ హవాసు సిటీలో గానీ పడుకోవడం మంచిది. శరణాలయం ఈ రెండు ఊళ్ళకీ మధ్యలో ఉంది. ఫీనిక్స్‌లో తెల్లవారి బయల్దేరితే అక్కడికి చేరేసరికి మంచి వేళ దాటిపోతుంది.

బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) అయితే చాలు. ఎక్కువ జూమ్ ఉన్నది కొంటే చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మ కదిలి విసుగొస్తుంది. సరస్సుకు మాత్రం స్కోప్ (స్టాండు మీద నిలబెట్టి చూసే దుర్భిణి) ఉంటే రోజు స్వరూపమే మారిపోతుంది, ఎందుకంటే లూన్‌లూ బాతులూ ఒడ్డుకు దూరంగా నడినీళ్ళలో ఉంటాయి. కొనడం ఖర్చు అనుకుంటే స్కోప్ ఉన్న స్నేహితుణ్ణి పిలుచుకెళ్ళండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, టోపీ, పొద్దున్న చలికి స్వెటర్, గట్టి బూట్లు పెట్టుకోండి. ఒక దువ్వెన కూడా జేబులో ఉండాలి. చోయా అనే ముళ్ళ కాక్టస్ ముక్క కాలికి తగులుకుంటే చేత్తో లాగకూడదు, వేళ్ళకు గుచ్చుకుంటుంది. దువ్వెన పళ్ళు ముక్క కిందికి దూర్చి విదిలిస్తే వచ్చేస్తుంది.

కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళవి, పిట్టను గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్, చూసినవి నమోదు చెయ్యడానికి ఈబర్డ్ యాప్ ఇంట్లో వైఫై ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. మెర్లిన్‌లో ఆ ప్రాంతం ప్యాక్ కూడా దింపుకోవాలి. నది లోయలో సిగ్నల్ ఉండదు.

తెల్లవారుతూనే నది వైపు

హైవే 95 మీద శరణాలయం ఆఫీసుకు దగ్గర్లోనే నది వెంట లోపలికి పోయే మట్టి రోడ్డు ఉంది. మామూలు కారులో మొదటి కొంత దూరమే పొండి. ఇసుక మొదలైన చోట ఆపేసి నడవండి. వాన పడిన రోజుల్లో ఇటు రాకండి, పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ వాగై పొంగుతుంది.

కారు దిగగానే నడక మొదలుపెట్టకండి. తలుపు మెల్లగా వేసి పది నిమిషాలు అక్కడే నిలబడండి. అవతల ఎర్రటి రాతి గోడల మీంచి మెట్లు దిగుతున్నట్టు కిందికి జారే ఈలపాట వినిపిస్తే అది కాన్యన్ రెన్. గుప్పెడంత పిట్ట, గొంతు మాత్రం లోయంతా నిండుతుంది. అదే గోడల మీద కొండగొర్రెలు కనబడతాయేమో ఓసారి బైనాక్యులర్ తిప్పండి.

తర్వాత మెస్కీట్ చెట్ల వైపు చూడండి. ఈ చెట్టు మనకు కొత్తది కాదు. మన ఊళ్ళలో చెరువు గట్లనీ బీళ్ళనీ ఆక్రమించిన సర్కారు తుమ్మకు ఇది దగ్గరి చుట్టం. అక్కడ బయటి నుంచి వచ్చి కలుపైంది. ఇక్కడ మాత్రం ఇది సొంత ఇంట్లో ఉంది, పిట్టలకు తిండీ నీడా ఇస్తుంది. ఇక్కడి టామరిస్క్ సంగతి తిరగేసి అదే. ఏ చెట్టునైనా మంచిది, చెడ్డది అనేముందు అది ఎక్కడ పుట్టిందో అడగాలని నాకు ఈ లోయలో నిలబడినప్పుడే బలంగా అనిపించింది.

మెస్కీట్ కొమ్మల్లో ఆకుల్లేని ఎర్రటి చిక్కు గుబురు వేలాడుతుంటే అది ఎడారి బదనిక. మన మామిడి కొమ్మల మీద పెరిగే బదనిక లాంటిదే, ఇదీ చెట్టు రసం తాగి బతుకుతుంది. దాని ఎర్ర పళ్ళ చుట్టూ కాపలా కాస్తూ, కొమ్మ చివర నిటారుగా కూర్చున్న నల్లని పిట్ట ఉంటుంది. తల మీద కుచ్చు, ఎర్రటి కళ్ళు, ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్లటి మచ్చ. అదే ఫైనోపెప్లా. ఆడది బూడిద రంగు. చలికాలమంతా దాదాపు ఈ పళ్ళే తిండి, ఒంటికి కావలసిన నీళ్ళు కూడా చాలావరకు వాటిలోంచే. గింజలు రెట్టలో కొమ్మల మీద పడి మళ్ళీ బదనిక మొలుస్తుంది. బదనిక పళ్ళున్న చెట్టు దగ్గర పావుగంట ఆగితే ఈ పిట్ట కనబడకుండా పోదు. ఎండలు ముదిరేసరికి ఇవి లోయ వదిలి ఎత్తు ప్రాంతాలకు వెళ్ళిపోతాయి.

చెట్ల కింద ఎండుటాకులు పరపరమంటే వంగి చూడండి. రెండు కాళ్ళతో ఒకేసారి వెనక్కి తన్నుతూ ఆకులు గీకే గోధుమరంగు పిట్ట, ముఖం దగ్గర నల్లగా ఉంటే అది ఏబర్ట్స్ టౌహీ. చూడ్డానికి సాదాగా ఉంటుంది, కానీ ప్రపంచంలో ఇది బతికేదే కొలరాడో, హీలా నదుల పరిసరాల్లో. దూరం నుంచి అమెరికా వచ్చిన పక్షి ప్రేమికులు దీని కోసమే అరిజోనా వస్తారు. పసుపు తల వెర్డిన్, తల మీద ముందుకు వంగిన ఈక ఊపుకుంటూ గుంపులుగా పరిగెత్తే గ్యాంబెల్స్ క్వెయిల్ కూడా ఇక్కడే. ఈ క్వెయిల్ మన పూరేడు పిట్టల కంటే బాగా పెద్దది.

రోడ్‌రన్నర్ కోసం ప్రత్యేకంగా వెతక్కండి, తిరుగుతుంటే అదే ఎదురవుతుంది. చలి పొద్దున వీపు సూర్యుడి వైపు పెట్టి, ఈకలు లేపి, కింద ఉన్న నల్లటి చర్మానికి ఎండ తగిలేలా నిలబడి ఉంటుంది. ఇది కోకిల కుటుంబం. మన జెముడుకాకి కూడా అదే కుటుంబం, నేల మీద తిరిగే అలవాటు, పొడుగు తోక చూస్తే పోలిక కనబడుతుంది.

నీళ్ళకు దగ్గరగా కాటన్‌వుడ్లు మొదలయ్యే చోట కొమ్మ చివర మంట రంగు చుక్క కనబడితే అది మగ వెర్మిలియన్ ఫ్లైక్యాచర్. పురుగు కోసం ఎగిరి మళ్ళీ అదే కొమ్మకు వస్తుంది కాబట్టి ఫొటో తీసేవాళ్ళు దాని వెంట పరిగెత్తక్కర్లేదు. కొమ్మ మీద ఫోకస్ పెట్టుకుని ఆగండి. మార్చి మొదట్లో వస్తే లూసీస్ వార్బ్లర్ పాట మెస్కీట్లలో మోగుతూ ఉంటుంది.

నది సరస్సులో కలిసే చోటు

తొమ్మిదింటికి హైవే మీదికి వచ్చి శరణాలయం ఆఫీసు దగ్గర ఆగండి. అక్కడి నుంచి నీళ్ళలోకి చొచ్చుకుపోయిన భూమి మీద చిన్న కాలిబాట ఉంది. పెద్దవాళ్ళు కూడా నడవగలరు. ఒకవైపు జమ్ము, ఒకవైపు తెరిచిన నీళ్ళు. నా దృష్టిలో ఈ రోజంతటికీ ఇదే అసలైన చోటు.

జమ్ము దగ్గర కళ్ళ కంటే చెవులకు ఎక్కువ పని. యూమా రిడ్జ్‌వేస్ రైల్ అనే నీటికోడి ఇందులోనే ఉంటుంది. చిన్న కోడిపెట్టంత ఉంటుంది, పొడుగు ముక్కు, గోధుమ రంగు. 1967 నుంచి అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. ఎవరో చప్పట్లు కొడుతున్నట్టు టక్ టక్ టక్ అని వరసగా వినిపిస్తే అదే అనుకోండి. మార్చి నుంచి మే దాకా పొద్దున, సాయంత్రం ఎక్కువ కూస్తుంది. చాలామందికి చెవిన పడటమే తప్ప కంట పడదు. వినడం కూడా చూసినట్టే లెక్క. దయచేసి ఫోనులో దాని కూత పెట్టి బయటికి రప్పించే పని చెయ్యకండి. ఇలాంటి పక్షిని అలా కదిలించడం చట్టరీత్యా కూడా తప్పు. పక్షి తన ఇంట్లోకి ఇంకోటి చొరబడిందనుకుని, తిండీ గూడూ వదిలి వెతుకుతూ బయటికి వస్తుంది.

ఇదే జమ్ములో గుర్రం సకిలింపులా సన్నగా మొదలై కిందికి దిగిపోయే గొంతు సోరా రైల్‌ది. గడ్డి లోపల గరగరమంటూ తిడుతున్నట్టు ఉండేది మార్ష్ రెన్.

ఇక తెరిచిన నీళ్ళ మీద గ్రీబ్‌లు. మన చెరువుల్లో మునిగి తేలే బుడుబుంగ ఇదే కుటుంబం. ఇక్కడివి మెడ పొడుగ్గా, పైన నలుపు, కింద తెలుపుగా, కత్తి లాంటి ముక్కుతో చాలా పెద్దగా ఉంటాయి. రెండు రకాలు కలిసి తిరుగుతాయి. వాటిని వేరు చెయ్యడం ఇక్కడి పాఠాల్లో మంచి పాఠం, తొందరపడకండి. కంటి చుట్టూ చూడండి. నల్ల టోపీ కంటి కిందికి దిగి, ముక్కు కాస్త పచ్చగా పసుపుగా ఉంటే వెస్టర్న్ గ్రీబ్. కంటి చుట్టూ తెలుపు, ముక్కు నారింజ కలిసిన పసుపు అయితే క్లార్క్స్ గ్రీబ్. చలికాలంలో కంటి దగ్గర రంగు మసకబారుతుంది, అప్పుడు ముక్కు రంగును నమ్ముకోండి. తేలకపోతే రెండిట్లో ఒకటి అని రాసుకోండి. ఈబర్డ్‌లో దానికి గడి ఉంది.

వసంతంలో వస్తే వీటి జోడీ ఆట చూడవచ్చు. రెండూ పక్కపక్కన నిటారుగా లేచి, మెడలు వంచి, నీళ్ళ మీద కాళ్ళతో పరిగెత్తుతాయి. సెకనుకు 14 నుంచి 20 అడుగులు వేస్తాయని పరిశోధకులు కొలిచారు. అంత వేగంగా కాళ్ళు ఆడకపోతే మునిగిపోతాయి. తర్వాత గడ్డితో తేలే గూడు కట్టి, పిల్లలు పుట్టాక వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాయి. తమ ఈకల్నే పీకి పిల్లలకు తినిపిస్తాయి కూడా. పడవ లేపిన అల ఒక్కటి చాలు తేలే గూడు మునిగిపోవడానికి. శరణాలయం నీళ్ళలో పడవల వేగానికి పెట్టిన హద్దుల విలువ ఈ గూళ్ళను చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

సరస్సు ఒడ్డున

ఇక్కడ వెలుతురు లెక్క ముఖ్యం. అరిజోనా ఒడ్డు తూర్పున ఉంది కాబట్టి పొద్దున అక్కడి నుంచి చూస్తే సూర్యుడు మీ వెనక ఉంటాడు, నీళ్ళ మీద పక్షుల రంగులు స్పష్టంగా కనబడతాయి. మధ్యాహ్నం దాటాక అదే ఒడ్డున నిలబడితే ఎదురెండకి అన్నీ నల్లని బొమ్మలే. పదకొండు తర్వాత ఎండమావులు ఆడటం మొదలై స్కోప్‌లో దూరపు పక్షులు వణుకుతాయి. అందుకే నది నుంచి నేరుగా ఉత్తరానికి, అరగంటలో లేక్ హవాసు సిటీకి వచ్చెయ్యండి.

ఊళ్ళో రోటరీ పార్కు ఒడ్డు చదునుగా ఉంటుంది, బెంచీలున్నాయి, పిల్లలతో పెద్దలతో వచ్చినవాళ్ళకు హాయిగా ఉంటుంది. ఊరికి ఉత్తరాన మెస్కీట్ బే దగ్గర చేపలు పట్టేవాళ్ళ కోసం కట్టిన వంతెన లాంటి ప్లాట్‌ఫాంలు నీళ్ళ మీదికి వెళ్తాయి. దక్షిణాన క్యాటెయిల్ కోవ్ స్టేట్ పార్క్ దారిలోనే ఉంది, ప్రవేశ రుసుం ఉంటుంది.

దూరపు పక్షిని చూసినప్పుడు ముందు రంగు వెతక్కండి, ఆకారం చూడండి. నీళ్ళలో బాగా కిందికి కూర్చుని, ముక్కును వాలుగా పైకెత్తి ఉంటే నీటికాకి. బరువైన ముక్కు నేలకు సమాంతరంగా, మెడ లావుగా ఉంటే లూన్. సన్నటి పొడుగు మెడ అయితే గ్రీబ్. నల్లగా, గుండ్రంగా, తెల్ల ముక్కుతో గుంపులు గుంపులుగా ఉండేవి కూట్‌లు, మన కొల్లేట్లో కనబడే నామాల కోడికి అక్కచెల్లెళ్ళు. వాటిని చూడగానే విసుగొచ్చి వదిలెయ్యకండి. ఆ గుంపులో రెడ్‌హెడ్, రింగ్-నెక్డ్ బాతులు కలిసి ఉంటాయి.

తెల్ల గూడబాతులు వస్తే చూసి తీరాలి. నేలపట్టులోనో ఉప్పలపాడులోనో గూడబాతుల్ని చూసినవాళ్ళకు ఇవి వెంటనే గుర్తుపట్టేంత దగ్గరగా ఉంటాయి. వరసకట్టి చేపల్ని లోతు తక్కువున్న చోటికి తోలుకొచ్చి అందరూ ఒకేసారి సంచి ముంచుతాయి.

ఇంకో సంగతి. ఆగస్టు చివర, సెప్టెంబరులో మెక్సికో వైపు నుంచి తుఫాను పైకి వస్తే ఈ ఊరి పక్షి ప్రేమికులు పనులు మానుకుని ఒడ్డుకు పరిగెడతారు. 1997 సెప్టెంబరులో నోరా తుఫాను కాలిఫోర్నియా సింధుశాఖ మీదుగా వచ్చినప్పుడు, నడిసముద్రంలో తప్ప కనబడని స్టార్మ్-పెట్రెల్‌లు ఈ ఎడారి సరస్సు మీద తిరిగాయి. గాలి వాటిని ఉత్తరానికి నెట్టుకొస్తే అవి దిగడానికి దొరికిన పెద్ద నీళ్ళలో ఇదొకటి.

మధ్యాహ్నం తర్వాత డ్యామ్ కింద

భోజనం చేసి మళ్ళీ దక్షిణానికి రండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పార్కర్ డ్యామ్ కింది నది గోల్డెన్‌ఐ బాతులకు ప్రసిద్ధి. కామన్ గోల్డెన్‌ఐ వందల్లో ఉంటే వాటి మధ్య బారోస్ గోల్డెన్‌ఐ కొద్దిగా ఉంటాయి. ఇంత దక్షిణాన బారోస్ గోల్డెన్‌ఐ దాదాపు ప్రతి చలికాలం దొరికే చోట్లు చాలా తక్కువ. మగవాటి ముఖం మీద తెల్ల మచ్చ గుండ్రంగా ఉంటే కామన్, నెలవంక లాగా ఉంటే బారోస్. ఆడవాటిని మొదటి రోజే వేరు చెయ్యాలని పంతం పట్టకండి.

ఇప్పుడు ఎండ పడమర నుంచి వస్తుంది కాబట్టి కాలిఫోర్నియా ఒడ్డు వైపు నిలబడాలి. డ్యామ్ మీదుగా దాటే రోడ్డు రాత్రిపూట మూసేస్తారు, పెద్ద బళ్ళను రానివ్వరు. కరెంటు కోసం, కింది పొలాల కోసం నీళ్ళు వదిలే కొద్దీ ఇక్కడ నది మట్టం మారుతుంటుంది. ఇసుక మేటల మీద నడుచుకుంటూ లోపలికి పోకండి. బాతులు మునిగి ఉన్నప్పుడు లెక్కపెట్టడం దండగ, అన్నీ పైకి తేలేదాకా ఆగి ఎడమ నుంచి కుడికి ఒక్కసారి లెక్కించండి. బాల్డ్ ఈగిల్ అనే తెల్ల తల గద్ద పైన తిరిగితే గుంపంతా ఒక్క వేటున లేస్తుంది. అప్పుడు బాతుల కంటే ముందు ఆకాశం చూడండి.

రెండో రోజు ఉంటే కయాక్

సరస్సుకు పైన టోపాక్ గోర్జ్ అనే కొండల సందు ఉంది. టోపాక్ దగ్గర దిగి, ప్రవాహంతో పాటు క్యాజిల్ రాక్ దాకా వెళ్ళాలంటే దాదాపు రోజంతా పడుతుంది. అద్దెకిచ్చేవాళ్ళే చివర మిమ్మల్ని కారు దగ్గరికి చేరుస్తారు. ఈ భాగం 1941లో ఏర్పడిన హవాసు జాతీయ వన్యప్రాణి శరణాలయంలోది. గోర్జ్‌లో రాత్రి బస చెయ్యనివ్వరు. ఉత్తరపు గాలి గట్టిగా వీచే రోజున నీళ్ళలోకి దిగకండి. లైఫ్ జాకెట్ ఈత వచ్చినవాళ్ళూ వేసుకోవాలి. జమ్ములోకి పడవ దూర్చకండి, అక్కడ గూళ్ళుంటాయి. 2007 నుంచి ఈ సరస్సులో క్వాగా మసల్ అనే బయటి జాతి ఆలుచిప్పలున్నాయి. అందుకే మీ సొంత కయాక్ అయితే బయటికి తీశాక కడిగి, నీళ్ళు వంచేసి, పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో చెరువులో దించాలి.

పడమటి ఒడ్డున కొంత భాగం చెమెహ్యూవి తెగ వారి భూమి. డ్యామ్ కట్టినప్పుడు వాళ్ళ సాగుభూములు ఈ నీళ్ళ కింద మునిగిపోయాయి. అక్కడ దిగాలనుకుంటే వాళ్ళ నియమాలు అడిగి తెలుసుకోండి.

చలికాలంలో శరణాలయాల్లో కొన్ని భాగాల్లో బాతుల వేటకు అనుమతి ఉంటుంది. తుపాకి చప్పుడు వింటే కంగారు పడక, ఆ పక్కకు వెళ్ళకుండా ఉంటే చాలు. ఆఫీసు దగ్గర మ్యాపులో ఏ భాగమో చూసుకోండి.

రాత్రికి హోటల్ చేరాక చూసిన పక్షుల చెక్‌లిస్ట్ ఈబర్డ్‌కు పంపేయండి. రేపు రాద్దాం అనుకుంటే కూట్‌ల లెక్క పోతుంది. నది అడవికి ఒకటి, కలిసే చోటికి ఒకటి, సరస్సుకు ఒకటి, డ్యామ్ కిందికి ఒకటి, ఇలా వేర్వేరు లిస్టులు పెట్టండి. అన్నీ కలిపి ఒక్కటే పంపితే ఏ పక్షి ఏ నీళ్ళ దగ్గర ఉందో తర్వాత ఎవరికీ తెలియదు. గూడు కనబడితే దాని చోటు రాయకండి, ఫొటోను వాట్సాప్ గ్రూపులో లొకేషన్‌తో సహా పెట్టకండి. జమ్ములోని రిడ్జ్‌వేస్ రైల్ నీటికోడి కూత ఒక్కసారైనా రికార్డు చేయగలిగితే ఆ ఫైలును చెక్‌లిస్ట్‌కు జోడించండి, ఆ పక్షి ఇంకా అక్కడే ఉందని తెలుసుకోవాలనుకునేవాళ్ళకు అది నిజంగా పనికొస్తుంది.